అంచు కోత

మా కంపెనీలో నన్ను చెవులాయన అంటారు. ఎదురుగా అనరు. కాని మా అంతస్తులో నాకు వినబడనిది ఏముంది కనుక. చూపు లేనివాళ్ళకు పుస్తకాలూ ఉత్తరాలూ చదివిపెట్టే యంత్రాలు తయారుచేస్తాం మేము. కింద ఓ డబ్బా, దానికి పొడుగాటి మెడ, మెడ చివర కెమెరా. మెడ కింద కాగితం పెట్టి మీట నొక్కితే డబ్బా చదువుతుంది. అది సరిగ్గా చదువుతోందో లేదో వినడం నా ఉద్యోగం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాను, నా తరవాత వచ్చిన మేనేజర్లు అయిదుగురు మారారు.

పని ఇలా ఉంటుంది. ఒకే పాఠం రెండు కాగితాల మీద ఉంటుంది, ఒకటి అచ్చులో, ఒకటి బ్రెయిలీలో. అచ్చు కాగితం యంత్రం కింద పెడతారు, బ్రెయిలీది నా ఎడమచేతి కింద. యంత్రం చదువుతుంటే నా వేలు దాని వెంటే పరుగెడుతుంది. తేడా వచ్చినచోట కుడిచేత్తో గుర్తు పెడతాను. తప్పులు మూడు రకాలు: అక్షరం మారడం, వరుస దాటడం, అంచు కోత. అంచు కోత అంటే ప్రతి వరుసలోనూ మొదటి మాటో చివరి మాటో ఎగిరిపోవడం. మూడింటిలో నాకు ఒళ్ళు మండేది దానికే. అక్షరం మారితే వినడానికి వింతగా ఉంటుంది, అనుమానం వస్తుంది. అంచు పోతే ఎవరికీ తెలియదు, మిగిలిన మాటలు సర్దుకుని కూచుంటాయి. అందుకని ఒక పేజీలో మూడుసార్లు అంచు కోత కనబడితే పని ఆపేయిస్తాను. ముందు లెన్స్ తుడవండి, అప్పటికీ పోకపోతే కెమెరా విప్పి చూడండి అని రాస్తాను. దీనిమీద ఇంజనీర్లకీ నాకూ ఎప్పుడూ పేచీయే.

"ఒక్క మాటే కదా సార్" అంటారు వాళ్ళు.

"మాట సంగతి కాదయ్యా. కెమెరాకి ఆ పక్క కనబడటం లేదు. ఇవాళ మాట, రేపు సగం పేజీ" అంటాను నేను.

ఇంత తెలిసినవాణ్ణి. మా ఆవిడకు రెండు కళ్ళూ నిక్షేపంగా ఉండేవి. ఇప్పుడు సగానికి పైగా పోయాయి. అందులో నా వాటా ఎంతో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మేమిద్దరం కలిసిందే చదువు దగ్గర. నేను కాలేజీలో ఉన్నప్పుడు పాఠాలు చదివిపెట్టడానికి వారానికి మూడు సాయంత్రాలు వచ్చేది. అర్థశాస్త్రం లాంటి ఎండుకట్టెని కూడా ఆవిడ చదివితే వినబుద్ధయ్యేది. పరీక్షలయ్యాక ఆ గొంతు లేకుండా ఎలాగా అనిపించి పెళ్ళి చేసుకున్నాను. ఈ మాట ఆవిడ ముందే అంటే, "అంటే నన్ను కాదు, నా నోటిని చేసుకున్నారన్నమాట" అనేది. ఆ నోటికి నేను ఎంత భయపడాలో పెళ్ళయ్యాక తెలిసింది.

ఆవిడ గ్రంథాలయంలో పనిచేసేది. పొద్దున్నే పనిలోకి వెళ్ళేముందు వంటింటి బల్ల దగ్గర టీ తాగుతూ నాకు పేపరు చదివేది. వార్తను వార్తలా చదవడం ఆవిడకు చేతకాదు, ఉప్పూకారం చల్లాల్సిందే. మంత్రి ఉపన్యాసం వస్తే "ఇది నిన్నటిదే, తారీకు మార్చారు" అని దాటేసేది. చనిపోయినవాళ్ళ ప్రకటనలు మాత్రం ఫోటోతో సహా చెప్పేది. "ఈయన మొహం చూస్తే బతికినన్నాళ్ళూ ఎవర్నీ బతకనిచ్చినట్టు లేదు. పోయాక చూడండి, ఎంత కరుణామయుడయ్యాడో." నేను విసుక్కునేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చదవమని పోరేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు ఆ విసుగుతోనే మా రోజు మొదలైంది. అంతకన్న మంచి పొద్దులు నాకు మళ్ళీ రాలేదు.

నాలుగేళ్ళ కిందట కంపెనీవాళ్ళు కొత్త యంత్రం ఒకటి ఇంట్లో వాడి చూడమని ఇచ్చారు. దాన్ని తెచ్చి వంటింటి బల్లమీద, ఆవిడ కూచునే కుర్చీకి ఎదురుగా పెట్టాను. మంత్రి ఉపన్యాసం కూడా కామాలతో సహా చదివింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పేపరంతా నా ఇష్టం వచ్చినట్టు, నా ఇష్టం వచ్చినంతసేపు. ఆవిడ పక్కన నిలబడి కాసేపు విన్నది.

"మొత్తానికి సవతిని తెచ్చారు" అంది.

"అది మధ్యలో వ్యాఖ్యానాలు చెయ్యదు" అన్నాను.

"అవును పాపం, దానికి బుద్ధి లేదుగా" అని గిన్నెలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు సవతే. "సవతి లేచిందా?" "సవతికి దుమ్ము తుడిచాను, చూసుకోండి." నవ్వుతూనే అనేది. ఆవిడ బల్ల దగ్గర కూచుని నాకు పేపరు చదవడం మానేసి, టీ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ తాగడం మొదలుపెట్టింది. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఏడాది గడిచింది. ఒక సెలవురోజు మా బావమరిది భోజనానికి వచ్చాడు. సిటీ బస్సు నడుపుతాడు, నోరు విప్పితే ఊరంతా నవ్వాల్సిందే. భోజనాలయ్యాక సవతి మాట వచ్చింది.

"మా అక్క చదువు ముందు ఈ డబ్బా ఎంత బావా? చిన్నప్పుడు మా అక్క చదివితే మేస్టార్లు కూడా కళ్ళు మూసుకుని వినేవాళ్ళు" అన్నాడు.

"వాళ్ళు నిద్రపోయేవాళ్ళురా" అంది ఆవిడ.

నాకు పౌరుషం వచ్చింది. అది నా కంపెనీ యంత్రం, దాని తప్పులన్నీ నా చేతిమీదుగా దిద్దినవి. పందెం పెట్టాను. ఆఫీసు సంచీలోంచి పరీక్ష పాఠం ఒకటి తీశాను, నీళ్ళ ట్యాంకు శుభ్రం చేసే పద్ధతి మీద ఒక పేజీ. అచ్చు కాగితం ఆవిడకిచ్చి, బ్రెయిలీది నా ముందు పరుచుకున్నాను. ముందు ఆవిడ చదవాలి, తరవాత యంత్రం, తీర్పు నాది. ఆవిడ ఒకటి రెండుసార్లు వద్దంది. "ఈ ఆటలేమిటి ఇప్పుడు, పడుకోండి కాసేపు" అంది. వింటానా నేను.

చదివింది. ఎంత బాగా చదివిందో ఇప్పటికీ చెవిలో ఉంది. ట్యాంకు కడగడం గురించి ఎవరైనా అంత బాగా చదవగలరని నేననుకోలేదు. బావమరిది వింటూ ఆహా అంటున్నాడు. కాని నా వేలికి వేరే సంగతి తెలుస్తోంది. 'ముందుగా మోటారు ఆపాలి' అన్నచోట 'మోటారు ఆపాలి' అంది. 'అడుగున పేరుకున్న మట్టి' అన్నచోట 'పేరుకున్న మట్టి' అంది. అర్థం ఎక్కడా చెడలేదు. చదవడం తెలిసిన మనిషి కనుక పోయినచోట తన మాట ఒకటి అతికి, అతుకు తెలియకుండా దాటేసింది. పక్కన ఎవరు కూచుని విన్నా పట్టుకోలేరు. వేలికింద అసలు పాఠం ఉన్నవాడు పట్టుకుంటాడు. పేజీ మొత్తంమీద పదకొండు తప్పులు. యంత్రం చదివితే రెండు.

"పదకొండు, రెండు" అన్నాను బల్లమీద చెయ్యి చరిచి. "పదకొండులో తొమ్మిది వరుస మొదట్లోవే. ఏమోయ్, లెన్స్ తుడుచుకో. మా కంపెనీలో అయితే ఈపాటికి కెమెరా విప్పమని రాసేవాణ్ణి."

బావమరిది పడీపడీ నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వు తరవాత ఒక చిన్న చప్పుడు వినబడింది, కళ్ళద్దాలు తీసి గుడ్డతో తుడుచుకుంటున్న కీచుమనే చప్పుడు. నా హాస్యానికి తాళం వేస్తోందనుకున్నాను. చాలాసేపు తుడిచింది. తరవాత కాగితం చేతిలోకి తీసుకున్నట్టు గరగరలాడింది, మళ్ళీ పెట్టేసింది.

"ఎందుకొచ్చాయంటారు అన్ని తప్పులు?" అని అడిగింది.

ఆ అడగడం మామూలుగానే అడిగింది. తప్పులకు కారణాలు చెప్పడమంటే నాకు సరదా కదా, క్షణం ఆలోచించలేదు.

"పరధ్యానం. ఇంకేముంది? మనసు పెట్టి చదవవు, నోటికొచ్చింది కలిపేస్తావు. పద్దెనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను" అన్నాను.

"అంతేనంటారా" అంది.

"అంతే" అన్నాను.

ఆ రోజు తరవాత ఆవిడ నాకు ఎప్పుడూ ఏదీ చదవలేదు. నేనూ అడగలేదు. బీరువా అడుగున దొరికిన పాత ఉత్తరం కూడా తెచ్చి, "సవతికి పెట్టుకోండి" అని బల్లమీద ఉంచేది. మరుసటి ఏడాది గ్రంథాలయం ఉద్యోగం మానేసింది, మెట్లు ఎక్కలేకపోతున్నానంది. నిచ్చెనమీదనుంచి పుస్తకాలు అందుకోవడం కష్టమే కదా అని నేను సరేనన్నాను. ఇంట్లో మనిషి తోడుంటుందని సంతోషించాను కూడా. ఎడమ భుజంమీద గట్టిగా కమిలిన చోటు నా చేతికి తగిలినప్పుడు, "తలుపుకి కొట్టుకున్నాను. మీరేమో ఒక్క తలుపూ తగలకుండా తిరుగుతారు, కళ్ళున్న నేను కొట్టుకుంటాను, ఏం చెప్పను" అంది. నవ్వాను. ఏ వీధిలో ఎన్ని అడుగులకు గుంట ఉందో చెప్పగలిగినవాణ్ణి, పక్కమనిషి ఒకే భుజం మీద మూడుసార్లు దెబ్బ తగిలించుకుంటే మూడుసార్లూ నవ్వాను. దీపం కింద చీకటని ఊరికే అన్నారా.

చివరికి కనిపెట్టింది బావమరిది. ఈ ఏడాది మొదట్లో ఆవిడ అతని బస్సెక్కింది. దిగేటప్పుడు ఎడమపక్క నిలబడి ఉన్న ముసలాయన్ని చూసుకోకుండా ఢీకొట్టింది. ఆ సాయంత్రమే అతను ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మాట్లాడాడు, గొంతులో నవ్వు లేదు.

"బావా, అక్క ఎడమపక్క అద్దం పోయిన బండిలా నడుస్తోంది. ఆ పక్క ఏముందో దానికి తెలియడం లేదు. నేను రోజూ రోడ్డు చూసేవాణ్ణి, నాకు తెలుస్తుంది. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను."

ముగ్గురం వెళ్ళాం. కంటి డాక్టరమ్మ చీకటిగదిలో చాలాసేపు పరీక్ష చేసింది. ఒక యంత్రం ముందు కూచోబెట్టి, చుక్క వెలుగు కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బయట బెంచీమీద కూచుని ఆ మీట చప్పుడు విన్నాను. టిక్కు, టిక్కు, తరవాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒక టిక్కు. వినడం ఉద్యోగంగా బతికినవాణ్ణి, నా జీవితంలో విన్న అన్నిటికన్నా ఘోరమైన నిశ్శబ్దం అది.

నీటికాసులు అన్నారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండా, ఎర్రబడకుండా, అంచులనుంచి చూపు తినేసుకుంటూ వస్తుందట. రెండు కళ్ళకీ ఎడమవైపే ఎక్కువ పోయింది.

"రెండు మూడేళ్ళ కిందట వచ్చి ఉంటే చుక్కల మందుతో అక్కడే ఆపేవాళ్ళం" అంది డాక్టరమ్మ. "పోయింది ఇక రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చూద్దాం." తరవాత నావైపు తిరిగింది, గొంతు దిశ మారింది. "ఇంట్లో చదివేటప్పుడు వరుస మొదట్లో మాటలు వదిలేయడం లాంటిది ఎప్పుడైనా గమనించారా? ఎప్పుడు మొదలైందో తెలిస్తే ఎంత వేగంగా పోతోందో మాకు అంచనా దొరుకుతుంది."

అడుగుతుండగానే నాకు అన్నీ గుర్తొచ్చాయి. బల్లమీద చరిచిన చెయ్యి గుర్తొచ్చింది. పక్కన బావమరిది ఊపిరి బిగబట్టడం వినబడింది.

"లేదండీ" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అబద్ధమాడి దాచడానికి అక్కడ ఇంకేం మిగిలి ఉందని. బయటికొచ్చాక బావమరిది నా చెయ్యి పట్టుకుని, "నేను కూడా నవ్వాను బావా ఆ రోజు" అన్నాడు నెమ్మదిగా.

మర్నాడు ఆఫీసుకు అందరికన్నా ముందు వెళ్ళాను. నా అలవాటు నాకు తెలుసు, పందెమైనా పరీక్షైనా విన్నదాన్ని రాసిపెట్టకుండా ఉండను. ఆ నెల ఫైళ్ళలో వెతికితే దొరికింది. కంప్యూటర్ నా మాటలు నాకే చదివి వినిపించింది, ఏ రాగమూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు, నాకు ఇష్టమైన పద్ధతిలో. హాస్యానికి మా రిపోర్టు వరసలోనే రాశాను.

యంత్రం: మా ఆవిడ. పాఠం: నీళ్ళ ట్యాంకు. మొత్తం తప్పులు: పదకొండు. అంచు కోత, ఎడమ: తొమ్మిది. కారణం: పరధ్యానం. చేయవలసింది: ఏమీ లేదు.

రెండోసారి చదివించుకున్నాను. మూడు అంచు కోతలకే యంత్రం ఆపించేవాణ్ణి. తొమ్మిదికి ఏమీ లేదని రాశాను. ఒక ఇనప డబ్బాకు చేసిన పాటి మర్యాద ఇంటి మనిషికి చెయ్యలేదు. డబ్బా తప్పు చదివితే దానికి కనబడటం లేదనుకునేవాణ్ణి, ఆవిడ తప్పు చదివితే ఆవిడ గుణం అనుకున్నాను.

డాక్టరమ్మకు ఫోన్ చేసి తారీకు చెప్పాను. నిన్న అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న కలం చప్పుడు వినబడింది. "మంచిది, ఇది పనికొస్తుంది" అంది. చేతులు కాలాక ఆకులు అందించినట్టుంది నా పని.

మా కంపెనీ వస్తువుల జాబితాలో చిట్టచివర ఒకటి ఉంది. బొటనవేలంత వెడల్పున ఎర్రటి పట్టీ, పక్కన వరుసకొక చిన్న గాటు. పేజీకి ఎడమ అంచున పెట్టుకుంటారు, ఒక పక్క చూపు తగ్గినవాళ్ళు. ప్రతి వరుసకీ ఎరుపు కనబడేదాకా చూపు వెనక్కి తీసుకొస్తే మొదటి మాట తప్పిపోదు. కెమెరాలూ గొంతులూ ఉన్న యంత్రాల మధ్య ఇదేం వస్తువయ్యా అని మీటింగుల్లో దాన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. ఆ సాయంత్రం గోదాములో అడిగి ఒకటి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న సవతిని బల్లమీదనుంచి తీసి అలమరలో పెట్టాను. ఆవిడ కుర్చీ ముందు పేపరు పరిచి, పట్టీ పెట్టి, గాట్లమీద నా వేలుంచి, "నువ్వు చదువు, వరుస నేను చూపిస్తా" అన్నాను. టీ గ్లాసు పెట్టిన చప్పుడు వినబడింది.

"సవతికేం జబ్బు చేసింది?" అంది.

"దానికేం లేదు" అన్నాను.

చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, వరుస వరుసకీ ఆగుతూ. ఆ గొంతు మూడేళ్ళ తరవాత విన్నాను. కొంచెం గరుకైంది. నాలుగో వరుస అయ్యేసరికి నేను ఉండబట్టలేక ఆపేశాను. ఫైల్లో ఏం రాసి ఉందో చెప్పాను, మాట పొల్లుపోకుండా. డాక్టరమ్మ ముందు ఆడిన అబద్ధం చెప్పాను. నేను ఆ రోజు వెళ్ళి చూపించుకోమని ఒక్క మాట అని ఉంటే నీ కళ్ళు నిలిచేవి అన్నాను. అది పైకి అనడం నేననుకున్నదానికన్నా కష్టమైంది.

"నాకు అప్పటికే అనుమానం ఉంది" అంది ఆవిడ. "రెండు మూడు నెలలుగా పుస్తకాల అట్టలమీద పేర్లు సగం సగం కనబడేవి. డాక్టరు దగ్గర పేరు కూడా రాయించుకున్నా, ఆ మరుసటి బుధవారానికి."

"మరి వెళ్ళలేదేం?"

"మీరు పరధ్యానం అన్నారుగా."

ఆవిడ టీ ఒక గుక్క తాగింది.

"తప్పు ఎందుకొచ్చిందో చెప్పడంలో మీ అంతటివాళ్ళు లేరని మీ ఆఫీసంతా అంటారు. ఎందుకొచ్చాయంటారు అని అందుకే అడిగా. అంతేనా అని మళ్ళీ అడిగా. మీరే విని అంతే అన్నాక ఇంక డాక్టరెందుకని ఫోన్ చేసి వద్దని చెప్పేశా. కాస్త మనసు పెట్టి చూస్తే అన్నీ కనబడతాయనుకున్నా."

ఆ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, అదే కీచు చప్పుడు, మళ్ళీ పెట్టుకుంది.

"ఎక్కడున్నాం?" అంది.

"అయిదో వరుస" అన్నాను. నా వేలు అక్కడే ఉంది. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట పోయిందో ఉందో నాకు తెలియదు, నా చేతికింద బ్రెయిలీ కాగితం లేదు. ఆవిడ చదివిందే విన్నాను.